మూడో రజాయి

1979 డిసెంబరులో ఒక గురువారం పొద్దున షరీఫా బీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఐసు ఫ్యాక్టరీ నుంచి ఒక ఐసు గడ్డ తెప్పించాలి. దాన్ని ముక్కలు చేసి ఒకటి గోనెపట్టాలో, ఒకటి కంబళి ముక్కలో, ఒకటి పాత పేపర్లలో, ఒకటి దూదిలో చుట్టి మూడో తరగతి పిల్లల చేతికి ఇవ్వాలి. మధ్యాహ్నం గంట కొట్టేలోపు ఏది ముందు కరిగిందో, ఏది చివరిదాకా నిలిచిందో పిల్లలే విప్పి చూసి చెప్పాలి. చలికాలంలో కంబళి ఎందుకు కప్పుకుంటామో ఇక జన్మలో మరిచిపోరు.

షరీఫా బీ ఆదోనిలో కోటకొండ కింది వీధి ఎలిమెంటరీ బడిలో టీచరు. ఉద్యోగంలో చేరి రెండో ఏడు, ప్రొబేషను ఇంకా పూర్తికాలేదు. అది అంతర్జాతీయ బాలల సంవత్సరం. చిన్న పిల్లల చేత సైన్సు చదివించడం కాదు, చేతులతో చేయించాలని పైనుంచి మాట వచ్చింది. డిసెంబరుకు ఇచ్చిన విషయం చలికాలం. ఆ రోజు పదకొండు గంటలకు డిప్యూటీ ఇన్‌స్పెక్టరు తిక్కయ్య ఆమె తరగతిలో కూర్చుని చూస్తారు. ఆయనకు నచ్చితే ప్రొబేషను సంగతి ముందుకు నడుస్తుంది. నచ్చకపోతే ఎటు నడుస్తుందో ఆమె ఆలోచించదలుచుకోలేదు.

ఆదోని పిల్లలకు చలికాలం చెప్పడమే ఒక తంటా. పుస్తకంలో మంచుకొండ బొమ్మ చూపిస్తే, "మార్కెట్ యార్డులో పత్తి గదా టీచర్" అన్నారు. వాళ్ళకు తెలిసిన తెల్లని కుప్ప అదొక్కటే. కంబళిలో చుట్టిన ఐసు తొందరగా కరుగుతుందా, ఆలస్యంగానా అని ముందురోజు అడిగితే తరగతి మొత్తం ఒక్క గొంతుతో "తొందరగా" అంది. "కంబళి యేడి గదా టీచర్!" అని ఒక పిల్ల కారణం కూడా చెప్పింది. వరండాలో పోతున్న హెడ్మిస్ట్రెస్ వీరమ్మ ఆగి విని, "పిల్లోళ్ళు సరిగ్గానే సెప్పినారు గదమ్మా" అని మెచ్చుకుని పోయింది. అందుకే షరీఫా బీకి ఐసు తప్పనిసరిగా కావాలి.

ఐసు ఫ్యాక్టరీవాళ్ళు తెల్లారకముందే సోడా షాపులకు గడ్డలు పంచేస్తారు. అందుకని ఆమె భర్త నబీ సాబ్ చీకటితోనే సైకిలు మీద పోయి, బిందెంత ఐసు గడ్డను రంపపు పొట్టు నింపిన గోనెసంచిలో పెట్టి తెచ్చాడు. నబీ సాబ్‌ది దూది ఏకి పరుపులు, రజాయిలు కుట్టే వృత్తి. ఇంటి నిండా దూదే. ఆయన మీసాల మీద కూడా ఎప్పుడూ కాస్త దూది ఉంటుంది. చలికాలం ఆయనకు తీరిక దొరకని కాలం. సంచిని పెరట్లో దించి, జిన్నింగు మిల్లుకు పోతూ గడపలో కూర్చున్న తల్లి లాలాబీతో ఒక మాట చెప్పాడు.

"అమ్మా, ఎమ్మిగనూరు వెంకటేశులన్న వస్తాడు. ఆ మూలన చుట్టిపెట్టిన రజాయి ఇచ్చి పంపు. విప్పనియ్యొద్దు. విప్పినాడంటే పిసికి పిసికి సూస్తాడు, ఈడనే పొద్దుగూకుతాది."

లాలాబీ తల ఊపింది. ఆ రజాయి కథ ఆమెకు తెలుసు. వెంకటేశులు ఎమ్మిగనూరులో నేతపని చేసే మనిషి. అతని తండ్రి సోమప్పకు నబీ సాబ్ రజాయి కుట్టివ్వడం ఇది మూడోసారి. మొదటిది 'చలి ఆగలేదు' అని తిరిగి వచ్చింది. రెండోది ఇంకా మందంగా కుడితే అదీ అదే మాటతో వచ్చింది. మూడోది కూడా వెనక్కి వస్తే ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో నబీ సాబ్ దూది తాకేవాళ్ళు ఉండరు. అందుకే ఈసారి కొత్త దూది ఏరి, మామూలుకు రెట్టింపు పెట్టి, వారం రోజులు కుట్టాడు.

భర్త తల్లితో ఈ మాట చెప్తున్నప్పుడు షరీఫా బీ బోరింగు దగ్గర నీళ్ళు కొడుతోంది. బోరింగు చప్పుడులో ఆమెకు ఏమీ వినపడలేదు. తిరిగి వచ్చి చూసేసరికి గోనెసంచి కింద సన్నటి కాలువ కట్టి, పెరడు దాటి మురుగులోకి పోతోంది. ఇట్లా పోతే పదకొండింటికి ఇన్‌స్పెక్టరుకు చూపించడానికి తడి గోనెసంచి మిగులుతుంది. ఆమె చుట్టూ చూసింది. మూలన లావుపాటి రజాయి చుట్ట కనిపించింది. ఇంట్లో అన్నిటికంటే మందం అదే.

తాను పిల్లలకు చెప్పబోయే పాఠం తాను నమ్మకపోతే ఎలా? ఐసు గడ్డను కడిగి, యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టింది. రజాయి విప్పి నడుమ దాన్ని ఉంచి, గట్టిగా చుట్టి, అదే తాడుతో ముందున్నట్టే ముడివేసింది. పిల్లల కంటే ముందు తానే ప్రయోగం చేస్తున్నానని కాస్త గర్వపడింది కూడా. బడి రెండు వీధుల అవతలే. ఇంటర్వెల్లులో వచ్చి తీసుకుపోవచ్చు.

"అత్తా, ఆ మూలనున్న రజాయి ఎవురినీ విప్పనియ్యొద్దు" అంది చెప్పులేసుకుంటూ.

"ఎన్నిసార్లు సెప్తారే ఒకే మాట!" అని విసుక్కుంది లాలాబీ.

తాను చెప్పింది ఒక్కసారే కదా అని షరీఫా బీకి అనిపించింది. కానీ బడికి టైమైంది.

తొమ్మిది దాటాక వెంకటేశులు వచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ పంచె, మడత నలగని చొక్కా. నేతగాళ్ళ వీధిలో పంచాయితీ ఏదైనా అతని మాట మీదే తెగుతుంది. రజాయి ఎత్తి చూసి అతను ఆశ్చర్యపోయాడు.

"ఏందవ్వా, ఈసారి ఇంత బరువుండాది?"

"మావోడు దూదికి ఎనకాడలేదప్పా" అంది లాలాబీ.

"ఒకపాలి విప్పి సూస్తా."

"విప్పేది లేదు. ఇంట్లో ఇద్దరూ నాకు మరీ మరీ సెప్పి పోయినారు."

ఇంత బరువున్న రజాయిని అనుమానించడం తప్పనుకుని, వెంకటేశులు దాన్ని భుజానికెత్తుకుని బస్టాండుకు నడిచాడు.

బస్సు నిండుగా ఉంది. టాపు మీద వేస్తే కొత్త గలీబు మాసిపోతుందని రజాయిని ఒళ్ళోనే నిలబెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. అతని పక్కన గంగమ్మ అనే ఆమె రెండేళ్ళ కూతుర్ని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఊరు దాటి ఆరేడు మైళ్ళు పోయాక వెంకటేశులుకు తొడ మీద చల్లగా తగిలింది. తడిమి చూసుకుంటే పంచె తడిసింది. ప్లాస్టిక్ సంచి ముడి సందులోంచి, చుట్ట అడుగు నుంచి నీళ్ళు దిగుతున్నాయని అతనికి తెలిసే దారి లేదు. అతను గంగమ్మ ఒళ్ళోని పిల్లను చూశాడు.

"ఏమ్మా, పిల్లను రవ్వంత సూసుకోవద్దా? పంచె అంతా తడిపింది."

"మా పిల్ల బస్సెక్కే ముందే పోసింది. మా పిల్ల కాదు."

"మరి ఎవురు?"

గంగమ్మ పిల్ల లంగా పట్టి చూపించింది. ఎండుగా ఉంది. వెనక సీటువాళ్ళు లేచి చూశారు. కండక్టరు కూడా వచ్చి చూశాడు. పిల్లను తీసుకుని గంగమ్మ ముందు సీటుకు మారింది. అయినా తడి ఆగలేదు. సీటు అంచు నుంచి బొట్లు బొట్లుగా కింద పడుతున్నాయి. ఆ సీట్లో ఇప్పుడు వెంకటేశులు ఒక్కడే ఉన్నాడు.

"ముసిలితనం రాకుండానే ఇట్లయితే కష్టమేనప్పా" అంది గంగమ్మ, పైకి వినపడేటట్టుగానే.

"షుగరేమో" అన్నాడు వెనక నుంచి ఒకాయన, జాలిగా.

తానేమీ చేయలేదని వెంకటేశులుకు తెలుసు. కానీ పంచె వేరే చెబుతోంది. మిగతా దారంతా రజాయిని ముందర అడ్డం పెట్టుకుని నిలబడి వచ్చాడు. ఎమ్మిగనూరులో దిగి సందులెంట ఇంటికి పోయాడు. ఎదురొచ్చి పలకరించినవాళ్ళకు కూడా రజాయి తీయకుండానే జవాబు చెప్పాడు.

ఇంట్లో భార్య రామక్క పంచె చూసింది.

"ఇదేందిది?"

"బస్సులో ఎవురిదో సంటిపిల్ల" అని, అరుగు మీద కూర్చున్న తండ్రి పక్కన రజాయి పడేసి నేరుగా స్నానాల గదిలోకి పోయాడు.

సోమప్ప ఆ నాపరాతి అరుగు మీదే కూర్చుంటాడు, అక్కడే పడుకుంటాడు. నులకమంచం వీపుకు గుచ్చుకుంటుందని ఒప్పుకోడు. వీధిలో ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో కూడా అక్కడి నుంచే కనపడుతుంది. చలి విషయంలో మాత్రం ఆయన ఎవరి మాటా నమ్మడు, రజాయి మాట కూడా నమ్మడు. తాడు విప్పబోతే ముడి రాలేదు. ముడితో పోట్లాడకుండా చుట్ట సందులోకి రెండు కాళ్ళూ దూర్చాడు. రజాయి మంచిదో కాదో ముందు కాళ్ళకే తెలుస్తుందని ఆయన లెక్క. కాళ్ళు చుట్ట మధ్యకు పోయి ఆగాయి.

"ఒరే ఎంకటేశూ! ఇదీ సల్లగానే ఉండాదిరా!"

స్నానాల గదిలో చెంబు ఆగింది. "కప్పుకోకముందే మొదలు పెట్టినావా? ఎంత దూది ఉందో సూసినావా? మూటంత బరువు!"

"దూది సంగతి నాకెందుకురా. కాళ్ళు కొంకర్లు పోతాండాయి!"

"నీ సలి అంతా నీ మనసులో ఉండాది నాయనా. తీయొద్దు, అట్లనే ఉంచు. యేడెక్కనీ."

కొడుకు మాట తీసేయలేక సోమప్ప కాళ్ళు అట్లాగే ఉంచాడు. కాసేపటికి రామక్క మజ్జిగ చెంబుతో వచ్చి, మామ పళ్ళు కొరుక్కుంటుండడం చూసి కాళ్ళు బయటికి లాగి తాకింది. ఆమె చేతిలో చెంబు కింద పడింది. ఆ కాళ్ళు బతికున్న మనిషి కాళ్ళలా లేవు.

"అయ్యో, రాండప్పా! మామ కాళ్ళు సల్లబడినాయి!"

ముసలివాళ్ళ కాళ్ళు చల్లబడ్డాయంటే అర్థం ఏమిటో ఆ వీధిలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక్కొక్క మగ్గం ఆగింది. ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి పరుగెత్తుకొచ్చారు. ఎవరో శొంఠిపొడి తెచ్చి అరికాళ్ళకు రుద్దారు. రుద్దగా రుద్దగా కాస్త వేడి పుట్టింది. ఆ వేడి మళ్ళీ పోకూడదని నలుగురూ పట్టి ఆ కాళ్ళను కొత్త రజాయి చుట్టలోకి లోపలిదాకా దూర్చి, బయటికి రాకుండా పట్టుకున్నారు.

"నాకేం కాలేదు. ఆ రజాయే సల్లగుండాది" అన్నాడు సోమప్ప.

"పోయేముందు అట్లనే అనిపిస్తాదంట" అంది పక్కింటామె, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

కాంపౌండరు వచ్చాడు. నాడి చూశాడు, నాలుక చూశాడు, అన్నీ బాగున్నాయి. కాళ్ళు తాకి మాత్రం ముఖం మార్చాడు. "పైన అంతా బాగుండాడు. కింద నుంచి పోతాండాడు" అన్నాడు. వెంకటేశులు తడితలతో బయటికి వచ్చి, తండ్రిని అన్న మాటలు గుర్తొచ్చి అరుగు అంచున కూలబడ్డాడు. తుగ్గలిలో ఉన్న సోమప్ప కూతురు సిద్దమ్మకు కబురు పంపమని పెద్దలు చెప్పారు. ఒకతను దొరికిన లారీ ఎక్కి పోయాడు.

ఆదోనిలో ఇన్‌స్పెక్టరు తిక్కయ్య చెప్పిన టైముకు ముందే వచ్చి మూడో తరగతిలో కూర్చున్నారు. షరీఫా బీ ఐసు కోసం ఇంటికి పోయే వీలు లేకుండా పోయింది. ఆమె ముందు చిన్న పనులు మొదలుపెట్టింది. పిల్లలు స్టీలు పళ్ళేల మీద నోటితో ఆవిరి ఊదారు. పొద్దున నోట్లోంచి పొగ ఎందుకొస్తుందో చెప్పుకున్నారు. ఒక పిల్ల ఉత్సాహంగా ఇన్‌స్పెక్టరు గారి కళ్ళద్దాల మీద కూడా ఊదింది. ఆ తర్వాత అరచేతులు రుద్దుకుని వేడి పుట్టించారు.

"బాగుంది. ఐసు ప్రయోగం అన్నారు గదా, అదేది?" అన్నారు తిక్కయ్య కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"ఇంట్లో ఉండాది సార్. ఇప్పుడే తెస్తా. పిల్లలూ, మీరు రుద్దతా ఉండండి" అని ఆమె పరుగెత్తింది.

మూల ఖాళీగా ఉంది. నబీ సాబ్ అప్పుడే మిల్లు నుంచి వచ్చి దూది మూట దించుతున్నాడు.

"అత్తా, ఈడున్న రజాయి యాడ?"

"ఎమ్మిగనూరాయన తీసుకపోయినాడు. విప్పుతానన్నాడు, నేను విప్పనిస్తానా? నువ్వూ విప్పనియ్యొద్దంటివి, వాడూ విప్పనియ్యొద్దనె. విప్పనీలేదు."

షరీఫా బీ గోడకు ఆనుకుంది. "దాంట్లో ఐసుండాది" అంది సన్నగా.

"దేంట్లో?" అన్నాడు నబీ సాబ్.

"రజాయిలో."

నబీ సాబ్ కోప్పడే మనిషి కాదు. మీసం మీది దూది ఒక్కొక్కటీ ఏరి పారేసి, అంగీ మార్చుకున్నాడు. "పద" అన్నాడు.

బడికి పోయి ఆమె ఇన్‌స్పెక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పింది. "ఐసు ఎమ్మిగనూరు పోయింది సార్."

తిక్కయ్య ఉద్యోగంలో పాతికేళ్ళు గడిపారు. వైరు తెగిందని, పటం చెదలు తిన్నదని రకరకాల కారణాలు విన్నారు. ఇది కొత్తది. "నేను ఎట్లాగూ మధ్యాహ్నం ఎమ్మిగనూరు బడి చూడాల. నేనూ వస్తా. కళ్ళతో చూడకుండా మీ ప్రొబేషను సంగతి ఏమని చెప్పేది?" అన్నారు. పిల్లలను వీరమ్మకు అప్పగించి ముగ్గురూ బస్టాండుకు పోయారు.

బస్సు ఎక్కి కిటికీ పక్క సీట్లో కూర్చోబోతుంటే కండక్టరు అడ్డుపడ్డాడు.

"ఆ సీటొద్దు సార్, ఇంకా ఆరలేదు. పొద్దున ఎమ్మిగనూరు పెద్దమనిషి ఒకాయన, పాపం."

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక సీట్లో కూర్చున్నాక నబీ సాబ్ భార్య వైపు తిరిగాడు.

"ఇంటి నిండా దూది ఉండాది గదా. నీకా రజాయే దొరికిందా?"

"అన్నిటికంటే మందంగా అదే ఉన్నె."

"అట్ల కుట్టింది నేనే" అన్నాడు నబీ సాబ్.

"ఇంతసేపయింది, ఇంకేం ఐసమ్మా. రజాయి వేడి వేరే! అంతా నీళ్ళే అయి ఉంటాయి" అన్నారు ముందు సీట్లోంచి తిక్కయ్య. పిల్లలకు 'కాదు' అని ధైర్యంగా చెప్పగల మాట ఇన్‌స్పెక్టరుకు చెప్పడానికి షరీఫా బీకి నోరు రాలేదు. నిజంగా కరిగిపోయి ఉంటే అన్న భయం కూడా ఆమెకు లేకపోలేదు.

నేతగాళ్ళ వీధి మొదట్లోనే నబీ సాబ్ ఆగిపోయాడు. ఒక్క మగ్గం చప్పుడు లేదు. వెంకటేశులు ఇంటి ముందు జనం.

"ఏందన్నా, ఏమైంది?" అని ఒకతన్ని అడిగాడు.

"సోమప్ప తాత. కాళ్ళు సల్లబడినాయి. కొత్త రజాయి కప్పినాంక గూడ యేడి ఎక్కలేదు."

నబీ సాబ్ ముఖం తెల్లబడింది. మూడో రజాయి వెనక్కి వస్తుందని భయపడుతూ వచ్చాడు గానీ, మనిషి పోతాడని అనుకోలేదు. షరీఫా బీ మాత్రం ఆగలేదు. జనాన్ని తోసుకుని అరుగు దగ్గరికి పోయింది.

"తాత కాళ్ళు బయటికి తీయండి!"

"తీయొద్దు! ఉన్న యేడి గూడ పోతాది" అని రామక్క చుట్టను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అక్కా, దాంట్లో ఐసుండాది!"

అందరూ ఆమె వైపు చూశారు. ఈ బాధ చూడలేక పాపం టీచరమ్మకు మతి చలించిందని పక్కింటామె అనుకుంది. అంతలో నబీ సాబ్ ముందుకొచ్చి, తన తాడు ముడిని రెండు వేళ్ళతో లాగేశాడు. రజాయి అరుగు మీద పరుచుకుంది. నడుమ ప్లాస్టిక్ సంచి. సంచిలో, పెద్ద టెంకాయ కంటే పెద్దదిగా, తెల్లగా మెరుస్తూ ఐసు గడ్డ.

మొదట తేరుకున్నది సోమప్ప.

"సల్లగుండాదంటే ఇన్నార్రా మీరు?"

వెంకటేశులు సంచి వైపు చూశాడు, దాని ముడి సందులోంచి కారుతున్న నీటి వైపు చూశాడు. ఒక్కసారిగా అతని ముఖం వెలిగిపోయింది. సంచిని రెండు చేతులతో ఎత్తి భార్యకు, ఇరుగుపొరుగుకు, కాంపౌండరుకు, అందరికీ కనపడేటట్టు పట్టుకున్నాడు.

"సూసినారా! బస్సులో తడిపింది ఇదే! నేను గాదు! నేను గాదప్పా!"

బస్సులో ఏం తడిసిందో అంతవరకూ వీధిలో ఎవరికీ తెలియదు. అప్పుడందరికీ తెలిసింది. రామక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాను ఏం అన్నాడో అర్థమైన వెంకటేశులు సంచి దించి, ఆ కోపాన్నంతా నబీ సాబ్ మీదికి తిప్పాడు.

"ఏందయ్యా ఇది? ముసలాయనకు సలి ఆగే రజాయి కుట్టమంటే ఐసు పెట్టి పంపిస్తావా? మా నాయనను సంపేస్తాంటివి గదా! తీసుకపో, ఇదీ వద్దు, నీ బేరమూ వద్దు."

"ఆయన తప్పు లేదన్నా. పెట్టింది నేను" అంది షరీఫా బీ. బడి సంగతి, పిల్లల సంగతి, ఇన్‌స్పెక్టరు సంగతి, అత్తకు ఇద్దరూ చెప్పిన ఒకే మాట సంగతి అన్నీ చెప్పింది. చెప్తుంటే తనకే నమ్మశక్యంగా అనిపించలేదు.

తిక్కయ్య వీటిలో ఏదీ వినడం లేదు. అరుగు దగ్గర వంగి ఐసు గడ్డను వేలితో నొక్కి చూస్తున్నారు. "పొద్దున ఎంతుండె ఇది?" అని అడిగారు.

"బిందెంత ఉండె సార్" అన్నాడు నబీ సాబ్.

"బస్సు కుదుపులు, ఎండ, పైగా ఈయన కాళ్ళు... అయినా ఇంతుంది." ఆయన జనంలో ముందుకు దూరిన పిల్లల వైపు తిరిగారు. "ఏమ్మా టీచరమ్మా, చెప్పండి. పిల్లలున్నారు గదా, ఎవరైతేనేం. రజాయి వేడి గదా, ఐసు ఎందుకు కరగలేదు?"

షరీఫా బీ కళ్ళు తుడుచుకుంది. పిల్లలను చూసేసరికి బడి గొంతు దానంతటదే వచ్చింది. ఒక్కొక్కరినీ పిలిచి రజాయి పొడిగా ఉన్న కొస మీద చేయి పెట్టించింది.

"యేడిగా ఉండాదా?"

"లేదు."

"రజాయి యేడి పుట్టియ్యదు. బయటి యేడిని లోపలికి రానీదు, లోపలి యేడిని బయటికి పోనీదు. కాపలా అంతే దాని పని. లోపల ఐసు పెడితే ఐసును కాపాడుతాది. మనిషి పడుకుంటే మనిషి యేడిని కాపాడుతాది."

"అట్లయితే ముందర కుట్టిచ్చిన రెండు రజాయిలు నా యేడిని ఎందుకు కాపాడలేదు?" అన్నాడు సోమప్ప. ఆయన పాఠం మధ్యలో వదిలిపెట్టే రకం కాదు.

షరీఫా బీ పిల్లల చేతులు ఈసారి తాత కూర్చున్న నాపరాయి మీద పెట్టించింది. పెట్టిన వాళ్ళు పెట్టినట్టే వెనక్కి తీసుకున్నారు.

"సల్లగుండాది!" అంది ఒక పిల్ల. కాసేపు రజాయిని, రాతిని మార్చి మార్చి చూసి, "ఐసుకు కింద గూడ రజాయి ఉన్నె. తాతకు కింద ఏమీ లేదు" అంది.

తిక్కయ్య లేచి నిలబడి, ఆ పిల్ల తల మీద చేయి వేశారు. సోమప్ప తాను రాత్రీ పగలూ కూర్చున్న అరుగును మొదటిసారి చూసినట్టు చూశాడు. రజాయి కొస తన వైపు లాక్కున్నాడు.

"ఇది యాడికీ పోదు. పొద్దున్నించి ఐసునే కరగనీయంది, నన్ను సల్లబడనిస్తాదా? దీని కింద ఏసేదానికి పరుపొకటి కుట్టు నబీ సాబూ. ఈ అరుగు కొలత తీసుకో."

నబీ సాబ్ జేబులోంచి కొలత టేపు తీశాడు. వెంకటేశులు ఏదో అనబోయి, బస్సు సంగతి మళ్ళీ పైకి వస్తుందేమోనని మానుకున్నాడు. మగ్గాలు ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. మిగిలిన ఐసును వీధి పిల్లలు పగలగొట్టి పంచుకున్నారు.

బస్టాండులో విడిపోయేముందు తిక్కయ్య అన్నారు: "ప్రయోగం బాగుందమ్మా. మీ గురించి పైవాళ్ళకు మంచి మాటే చెప్తా. కానీ మీ పిల్లలు చూడలేదు గదా, రేపు వాళ్ళకు చేసి చూపించండి. రజాయి వాడేటట్టయితే ఇంట్లో అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి చెప్పండి."

ఎమ్మిగనూరులో ఆ సాయంత్రం రజాయి ఎండలో ఆరింది. అరుగు మీద ఇంట్లో ఉన్న పాత బొంతలన్నీ పరిచి, పైన కొత్త రజాయి తలదాకా కప్పుకుని సోమప్ప దీపాలు పెట్టకముందే పడుకున్నాడు. ఎన్నో చలికాలాల తర్వాత ఆయనకు పడుకోగానే నిద్ర పట్టింది. తుగ్గలికి పోయిన కబురు వెంటనే వెనక్కి తీసుకోవాలని మాత్రం ఆ హడావిడిలో ఎవరికీ తోచలేదు. దీపాలు పెట్టే వేళకు తుగ్గలి నుంచి సిద్దమ్మ, ఆమె వెంట మరికొందరు చుట్టాలు దిగారు. వీధి మలుపు నుంచే, అరుగు మీద తల నుంచి కాళ్ళదాకా కప్పి ఉంచిన తండ్రి కనిపించాడు.

"నాయనా! నేను వచ్చేవరకు గూడ ఆగలేకపోతివా నాయనా!" అని ఆమె వచ్చి మీద పడింది. చుట్టాలు కూడా గొంతు కలిపారు.

రజాయి కొస తొలిగింది. సోమప్ప ముఖం బయటికి వచ్చింది.

"ఎవురే అది? ఇన్నాళ్ళకు కన్ను మూత పడితే!"

సిద్దమ్మ ఏడుపు మధ్యలో ఆగిపోయింది. తండ్రి అప్పటికే మళ్ళీ ముసుగు పెట్టాడు. రామక్క వచ్చి, పొద్దున్నించీ జరిగిందంతా, బస్సు సంగతితో సహా చెప్పింది. వెంకటేశులు ఇంట్లోంచి బయటికి రాలేదు.

మర్నాడు షరీఫా బీ బడికి ఐసు నేరుగా ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. మధ్యాహ్నం గంటకు పిల్లలు విప్పి చూస్తే పేపర్లలో నీళ్ళు, గోనెలో చిన్న బిళ్ళ, దూదిలో, కంబళిలో మాత్రం చేతికి పట్టే గడ్డలు ఉన్నాయి. పిల్లలు వాటిని ఎత్తి వీరమ్మకు చూపించడానికి పరుగెత్తారు. ఆమె తాకి చూసి, "నేను అనుకున్నట్టే ఐంది" అంది.

ఏడవడానికి వచ్చిన చుట్టాలు ఆ రాత్రి ఎమ్మిగనూరు చలికి కునుకు లేకుండా గడిపారు. తెల్లారి ఊరికి పోతూ ఆదోనిలో దిగి, నబీ సాబ్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి తలా ఒక రజాయి కుట్టమన్నారు. లోపల దూది తప్ప ఇంకేమీ వద్దని మాత్రం ముందే చెప్పారు.